నున్నగా చేసిన డిక్కీ

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్‌లో మా బ్లాకు లిఫ్టులో నిలబడి, విజయవాడలో ఉన్న మా తమ్ముణ్ని ఫోన్లో దులిపేస్తుండగానే, అదే బ్లాకులో ఉండే అంకుల్‌తో నాకు పరిచయమైంది. తెల్లగడ్డం, మడత నలగని చొక్కా. నేను ఫోన్ పెట్టేసేదాకా ఓపిగ్గా ఆగి, "బెజవాడనా బేటీ? గొంతు వింటెనే తెల్సింది" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం మర్నాడు వాళ్ళావిడ ఆంటీ చేత మా ఇంటికి డబ్బా నిండా డబల్ కా మీఠా పంపించారు. వాళ్ళది హైదరాబాదు. తంజోంగ్ పగార్ రేవులో క్రేన్ల ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు.

ఆయనకో పాత కారుంది. మా బ్లాకు పక్కనున్న కార్ పార్కు రెండో అంతస్తులో గుడ్డ తొడుగు కింద ఉంటుంది. ఆస్ట్రేలియాలో తయారైంది, కాబట్టి స్టీరింగు మన బండ్లకున్నట్టే కుడివైపు. చూడ్డానికి నలుగురు కూర్చునే మామూలు కారు. ఇంజను మాత్రం లారీకి సరిపోయేది. ఇలాంటివాటిని మజిల్ కార్లంటారు. ఒకప్పుడు ఈ దేశంలో ఉన్న ఆస్ట్రేలియా సైన్యం వెళ్ళిపోయే రోజుల్లో ఒక ఆఫీసరు దాన్ని అంకుల్‌కి అమ్మి విమానం ఎక్కాడు. పాత బండ్ల కింద రిజిస్టరు చేయించారు కనక ఏడాదిలో కొద్దిరోజులే రోడ్డెక్కనిస్తారు. మిగతా రోజులన్నీ అంకుల్ దాన్ని తుడుచుకుంటూ ఉంటారు.

ఆ కారులో ఒక విశేషముంది. దూరపు రేసుల కోసమని, కొద్ది బండ్లకు మాత్రమే, ఫ్యాక్టరీలోనే డిక్కీ అడుగు కోసి రెండింతల పెట్రోలు ట్యాంకు దించేవారు. కొనేటప్పుడే చెప్పి చేయించుకోవాలి. అలాంటి బండ్లు చాలా అరుదు. అరుదు కాబట్టే, మామూలు బండికి తర్వాతెప్పుడో పెద్ద ట్యాంకు బిగించి "ఫ్యాక్టరీదే" అని చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఆఫీసరు "ఇది ఫ్యాక్టరీది" అన్నాడు. అంకుల్ నమ్మారు. పాత కార్ల క్లబ్బులో ఇన్నేళ్ళుగా ఆయనా అదే మాట చెబుతూ వచ్చారు. అమ్ముకునే ఉద్దేశం ఆయనకు ఏనాడూ లేదు. అది కేవలం ఆయన మాట, అంతే.

క్లబ్బులో ఎవరిదో బండి నకిలీ అని తేలి గొడవైంది. దాంతో అరుదైన ఆప్షన్లున్న బండ్లన్నిటినీ పరీక్ష చేయాలని కమిటీ తీర్మానించింది. పరీక్ష చేసేవాడు మనవాడే. గుంటూరు వైపు వాడు, ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ బండికి ఏ సీలు ఎక్కడుంటుందో ఫోన్లో చూడకుండా చెప్పగలడని పేరు. ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. ఆంటీ కిందికి సమోసాలూ, ఫ్లాస్కులో చాయీ పంపించారు. తిన్నాడు, తాగాడు, "సూపర్ అంకుల్" అన్నాడు. ఫోను టార్చి వేసి డిక్కీలోకి ఒకసారి, కారు కిందికి ఒకసారి వంగి చూశాడు. లిఫ్టు దిగి రోడ్డు దాటాడో లేదో, క్లబ్బు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: ఫలానా బండి క్లోన్, ట్యాంకు ఫ్యాక్టరీది కాదు, సభ్యుడు ఇన్నాళ్ళూ చెప్పినది తప్పు.

ఆ మెసేజ్ చూపించడానికి అంకుల్ మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోను నాకిచ్చి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తండ్రి వయసు మనిషి. ఆయనింటి సమోసా ఇంకా నోట్లో ఉండగానే అబద్ధాలకోరని ఊరంతటికీ చాటుతాడా! సందేహముంటే ఎదురుగా అడగొచ్చు కదా? నకిలీ అన్న మాట కన్నా, "సభ్యుడు ఇన్నాళ్ళూ చెప్పినది" అన్న ఆ మూడు ముక్కలు నన్ను కాల్చేశాయి.

"అమ్మా, ఇట్స్ జస్ట్ అ కార్ లా," అంది సోఫాలోంచి నా కూతురు, ఇక్కడి పిల్లల యాసలో. దానికీ నా తిట్లు పడ్డాయి.

కోపానికి తోడు నాకు కొంచెం పనితనం కూడా ఉంది. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్లో టింకరింగ్ షెడ్డుండేది. లప్పం వాసనలో, గ్యాస్ వెల్డింగు వెలుగులో హోంవర్కు చేసుకుంటూ పెరిగాను. ఇప్పుడు సైన్స్ పార్కులో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. విరిగిన ఇనుమును కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎందుకు విరిగిందో చెప్పడమే నా ఉద్యోగం. కాబట్టి "పదండి అంకుల్, చూద్దాం" అని టార్చి పట్టుకుని బయల్దేరాను. ఫ్యాక్టరీలో ఆ ట్యాంకు బిగింపు చేత్తో చేసిన పని. అక్కడివాళ్ళు హడావుడిగా చేసేవారు, వెల్డింగు వంకరటింకరగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దానిమీద రంగు కారిన చారలుంటాయి. ఆ అందవికారమే దానికి సాక్ష్యం. అది కనబడితే ఫొటోలు తీసి ఆ గుంటూరాయన మొహాన కొట్టాలని నా ఆలోచన.

డిక్కీలో ఎప్పుడూ రబ్బరు చాప పరిచి ఉండేది. దాన్నెత్తి చూడాలని అంతకుముందు నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఎత్తాను. కింద నున్నగా, అద్దంలా మెరుస్తున్న కొత్త రంగు. వెల్డింగు జాడే లేదు. గ్రైండరుతో అరగదీసి, లప్పం పెట్టి, గన్నుతో రంగు కొట్టారు. కారు కిందికి దూరి చూశాను. అక్కడా ఇసుకతో బ్లాస్ట్ చేసి నల్లపూత పూశారు. అంతా కొత్తదే.

"అంకుల్, ఎవరు చేశారిది?"

"నేనే చేయించిన బేటీ. పోయిన నెల. వర్క్‌షాపుకు ఇచ్చి."

"ఎందుకు?"

"పరీక్షకు వస్తుండ్రు గదా. మెహమాన్లు వచ్చి డిక్కీ తెరుస్తే గలీజుగ ఉండాల్నా? తుప్పు, మరకలు, ఎగుడుదిగుడు వెల్డింగు... మంచిగుంటదా చెప్పు."

ఆ కార్ పార్కులో నేను అరిచిన అరుపు మూడో అంతస్తుక్కూడా వినబడి ఉంటుంది. మీకేమైనా పిచ్చా అన్నాను. ఎవర్నడిగి చేయించారన్నాను. సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే చెరిపేసుకుని ఇప్పుడు నా దగ్గరికొచ్చి ఏం లాభం అన్నాను. అనకూడని మాటలు. పెద్దాయన డిక్కీ అంచు పట్టుకుని వింటూ నిలబడ్డారు. రంగు బాగుండలేదేమో అన్నట్టు వేలితో ఒకసారి తడిమి చూసుకున్నారు కూడా. దాంతో నాకు ఇంకా మండింది.

నిజానికి ఆయనకేమీ పిచ్చి కాదు. ఎవరైనా వస్తున్నారంటే ముందు సున్నం బకెట్టు గుర్తొచ్చే జాతి మనది. ప్రతి రంజాన్‌కీ ఆ ఫ్లాటు ముందుగదికి ఆయన తన చేత్తో రంగు వేసుకుంటారు. మా అమ్మ నా పెళ్ళిచూపులకు ముందు నాలుగు గోడలకూ సున్నాలు వేయించి, అవతలివాళ్ళు వచ్చేసరికి ఇల్లంతా పచ్చి వాసనతో తలనొప్పి తెప్పించింది. వచ్చినవాళ్ళ కంటికి ఇంపుగా కనబడటం మనకు మర్యాద. ఆ మర్యాదే ఇప్పుడు ఈయన కొంప ముంచింది. ఆయన మీద అరిచానే గానీ, అదే నేనైనా చాప కింద కనీసం తడిగుడ్డ పెట్టేదాన్ని. తెలిసీ కోపం తగ్గలేదు.

ఆ సాయంత్రమే గుంటూరాయనకు ఫోన్ చేశాను.

"మేడమ్, ఎమోషనల్ అవ్వకండి. ఆ డిక్కీ చూశారా? ఫ్యాక్టరీ పని అంత క్లీన్‌గా ఉండదండి," అన్నాడు.

"రంగు కొత్తగా వేయించారండీ. ఆ సంగతి మీరాయన్ని అడిగారా?"

"అడగడం నా పని కాదండి. ఉన్నది చూసి చెప్పడం నా పని. పోనీ, పాత ఫొటోలున్నాయా?"

"లేవు."

"మరింకేం చెప్పమంటారు? సరే, ప్రూఫ్ తీసుకురండి, మార్చేస్తాను."

రుజువు లేని మాట రాయకూడదని నేను రోజూ మా ల్యాబులో పిల్ల ఇంజనీర్లకు చెప్పే మాటే అది. కానీ రుజువు లేదంటే "తెలియదు" అని రాస్తాం. నకిలీ అని రాయం. ఆ తేడా అతనికి చెప్పబోయేలోగా ఫోను పెట్టేశాడు.

రెండ్రోజులు ఆలోచించాను. మిగిలింది ఒక్కటే దారి. డిక్కీ అడుగు రేకూ ట్యాంకు కూర్చునే తొట్టి అంచు రేకూ ఒకదానిమీదొకటి ఎక్కి అతుక్కున్న చోట, ఆ రెండు రేకుల మధ్యలోకి గ్రైండరు పోలేదు. ఫ్యాక్టరీ పనయితే ముందు అతికించి తర్వాత రంగు వేస్తారు. కాబట్టి మధ్యలో ఉత్త ఇనుము ఉండాలి, మహా అయితే అంచు దగ్గర కాస్త ప్రైమరు, అంటే రంగు కింద వేసే అడుగుపూత, పాకి ఉండాలి. తర్వాతెవరో చేసినదయితే, అప్పటికే వేసి ఉన్న రంగు ఆ రేకుల మధ్య ఇరుక్కుని, వెల్డింగు వేడికి కాలి ఉంటుంది. చూడాలంటే అక్కడ ఒక ముక్క కోసి తీయాలి. అర్ధరూపాయి బిళ్ళంత ముక్క.

ఈ సంగతి చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ విని "హాయ్ అల్లా, కోస్తారా?" అని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంకుల్ నా వైపు తిరిగారు.

"కోస్తె మల్ల అతికించొచ్చా?"

"అతికించొచ్చు. కానీ అది ఫ్యాక్టరీ అతుకు కాదు అంకుల్. కోసింది కోసినట్టే."

"లోపల రంగుంటే?"

"వాళ్ళు చెప్పిందే నిజమవుతుంది."

ఆయన దేనికి భయపడుతున్నారో నాకు అర్థమైంది. లోపల రంగు కనబడితే ఆయన అబద్ధం చెప్పినట్టు కాకపోయినా, అమ్మినవాడు చెప్పినట్టవుతుంది. ఆ ఆఫీసరు చనిపోయేదాకా ఏటా పండక్కి కార్డు పంపేవాడట. ఇన్నేళ్ళ స్నేహం ఒక బిళ్ళంత ముక్క మీద తేలిపోవాలి. నాకే వద్దనిపించింది. వద్దులెండి అనబోయాను కూడా.

"కొయ్యి బేటీ," అన్నారు. "నేను అబద్ధాలాడెటోన్నయితె నాక్కూడ తెల్వాలె. ఇన్నేండ్లు వాళ్ళ నడుమ ఏ మొహంతోని కూసున్ననో తెల్వాలె."

శనివారం వర్క్‌షాపులో ట్యాంకు ఖాళీ చేయించి, దింపించి, కోత నేనే పెట్టాను. వేరేవాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. బ్లేడు రేకులోకి దిగుతుంటే అంకుల్ బయటికి వెళ్ళిపోయారు. కొత్త రంగు రేగి, దాని కింద లప్పం తెల్లగా రాలింది. ఎవడో పనిలేనివాడు ఫోన్లో టకటకా నాలుగు ముక్కలు కొట్టినందుకు, ఏ తప్పూ లేని బండిని నేను నా చేత్తో కోస్తున్నాను. అది గుర్తొచ్చిన కొద్దీ పళ్ళు నూరుకుంటూ కోశాను.

మా మేనేజరును అడిగి, ఆఫీసు పని అయ్యాక ల్యాబులో కూర్చున్నాను. ముక్కను అడ్డంగా చీల్చి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండు రేకుల మధ్య ఉత్త ఇనుము, సన్నటి తుప్పు. రంగు లేదు. కాలిన మసి లేదు. అంచు దగ్గర మాత్రం ఎర్ర ప్రైమరు సన్నగా లోపలికి పాకి ఆగిపోయింది. డాష్‌బోర్డు వెనక ఎవరి చేయీ పడని చోటి నుంచి గోకి తెచ్చిన ప్రైమరుతో పోల్చాను. రెండూ ఒకటే. అతికించిన తర్వాతే రంగు వేశారు. అంటే అది ఫ్యాక్టరీలో జరిగిన పనే. ఆఫీసరు అబద్ధం చెప్పలేదు, అంకుల్ అంతకన్నా చెప్పలేదు.

ఫోన్ చేసి చెబితే అంకుల్ "అచ్ఛా" అన్నారు. మళ్ళీ "అచ్ఛా" అన్నారు. అవతల ఆంటీ ఏడుస్తున్న చప్పుడు వినబడింది. నాకు మాత్రం సంతోషం ఒక్క పూటే నిలిచింది. ఆ తర్వాత మళ్ళీ కోపమే. ఇంత చేస్తే గానీ ఒక మనిషి నిజం చెప్పాడని ఒప్పుకోరా అని.

క్లబ్బువాళ్ళు నెలకోసారి ఆదివారం పొద్దున హాకర్ సెంటర్ అనే తిండికొట్ల సముదాయం పక్కనున్న పార్కింగులో కలుస్తారు. బండ్లన్నీ వరసగా పెట్టుకుని, కోపీ అని ఇక్కడ పిలిచే కాఫీ కప్పులు పట్టుకుని, ఒకరి ఇంజను ఒకరు మెచ్చుకుంటారు. అంకుల్ తన కారు తెచ్చారు. నేను ఫొటోలూ, రిపోర్టూ పట్టుకుని పక్కన కూర్చున్నాను. కమిటీవాళ్ళు అందరూ చూశారు. పెద్దవయసు చైనా ఆయనొకరు అంకుల్ భుజం తట్టారు. గుంటూరాయన రిపోర్టు రెండుసార్లు చదివాడు. పాపం, చదవడం మాత్రం శ్రద్ధగానే చదివాడు.

"ఓకే. ట్యాంకు ఫ్యాక్టరీదే, ఒప్పుకుంటాను," అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకునేలోగా డిక్కీ తెరిచి లోపలికి వంగాడు. "కానీ మేడమ్, ఫ్లోరు కోసేశారు కదండీ. ఒరిజినల్ మెటల్ కట్ అయితే మా రూల్ ప్రకారం అది ఒరిజినల్ క్లాసులోకి రాదు. మాడిఫైడ్ కింద పెట్టాలి."

"ఎందుకు కోశామండీ? మీరు ప్రూఫ్ అడిగారనే కదా కోశాం!"

"ప్రూఫ్ తెమ్మన్నానండి. కొయ్యమనలేదు."

ఆ తర్వాత నేనేమన్నానో నాకే సరిగ్గా గుర్తు లేదు. తెలుగులోనే అన్నాను, గట్టిగా అన్నాను. కోపీ కప్పులు పట్టుకున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. నువ్వు చూసింది రంగు, ఆ రంగు చూసి మనిషిని నకిలీ చేశావు అన్నాను. చేతిలో టార్చి ఉంటే చాలదు, అడగడానికి నోరుండాలి అన్నాను. తినడానికి మాత్రం బాగా తెరుచుకుందే అని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది, కానీ అన్నందుకు నాకేమీ బాధ లేదు. అంకుల్ నా మోచెయ్యి మీద చెయ్యేసి "బస్ బేటీ" అన్నారు. ఆగాను.

గుంటూరాయన మొహం ఎర్రబడింది. అయినా పెద్దమనిషి తరహాలో నవ్వు తెచ్చుకున్నాడు. నన్ను వదిలేసి అంకుల్ వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"పర్సనల్‌గా తీసుకోకండి అంకుల్. రూల్స్ కదా. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం."

అంకుల్ ఆ చేతిని చూశారు. "ఆ రోజు గ్రూపుల పెట్టినవ్ గదా, సభ్యుడు చెప్పింది తప్పని. ఇప్పుడు గదే గ్రూపుల తప్పు నీదేనని పెడ్తవా?"

"అది పాత మెసేజ్ అంకుల్. ఎవరు చూస్తారు ఇప్పుడు?"

"నేను చూస్తున్న."

ఎప్పుడు చూసినా ఎదుటివాడి కంటికి ఇంపుగా ఉండాలని చూసే మనిషి ఆయన. గుమ్మంలోకొచ్చిన కొరియర్ కుర్రాడికి కూడా మంచినీళ్ళివ్వకుండా పంపరు. ఆ ఆదివారం అంతమంది చూస్తుండగా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అవతలి చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. అంకుల్ మొహం తిప్పుకోలేదు. అతను చెయ్యి దించుకునేదాకా అలాగే నిలబడి ఉన్నారు.